కీలో లేని జవాబు

మోటార్లు చుట్టే ఆ షెడ్డులో పొద్దున్నే రెండు చప్పుళ్లు మొదలవుతాయి. ఒకటి రాగితీగ చుట్టే చక్రానిది. రెండోది, షెడ్డు నడిపే మెకానిక్ కూతురిది; ఇంజనీరింగు చదువుతోంది. బల్లకూ గుమ్మానికీ మధ్య కళ్లు మూసుకుని తిరుగుతూ నోట్సు అప్పజెప్పుకుంటుంది. చూసినవాళ్లు ఎంత శ్రద్ధో అని మెచ్చుకుంటారు. మెచ్చుకోవడానికి మనకేం ఖర్చు?

ఆ రోజు బల్ల మీద నీళ్ల మోటారు ఒకటి గుర్రుమంటోంది గానీ తిరగడం లేదు.

"ఏమై ఉంటుందే?" అన్నాడు తండ్రి.

"కెపాసిటర్ పోయింది. కర్రతో వెనక ఫ్యాను తోసి చూడు, ఎటు తోస్తే అటే తిరుగుతుంది."

తోశాడు. తిరిగింది.

"ఇంత తెలిసినదానివి, ఆ వల్లెవేత ఎందుకమ్మా?"

"పోయినసారి పరీక్షలో ఇదే అడిగారు నాన్నా. ఇప్పుడు చెప్పినట్టే రాశాను. పదికి రెండేశారు, తప్పాను. ఈసారీ తప్పితే ఏడాది పోతుంది."

తండ్రి చొక్కా మార్చుకుని తిన్నగా కాలేజీకి వెళ్లాడు, దులిపేద్దామనే. లెక్చరరు జవాబు పత్రాల గుట్టల వెనక కూర్చుని ఉన్నాడు. కూతురు రాసిందంతా చెప్పి, "తప్పా సారూ?" అని నిలదీశాడు.

లెక్చరరు కళ్లజోడు తీశాడు. "తప్పు కాదండీ. వింటుంటే నాకే ముచ్చటేస్తోంది. కానీ దిద్దడానికి మాకిచ్చిన జవాబుల కీలో ఆ మాటలు లేవు."

"చదివితే మీకు తెలియదా?"

"రోజుకు అరవై పేపర్లు. చదవడం ఎక్కడండీ, కీలో మాట కనబడితే టిక్కు పెట్టడమే. క్లాసులో ఎవడైనా చెయ్యెత్తితే సిలబస్ ఆగిపోతుందని దడ. నేనూ ఇలాగే పాసయ్యాను, దాపరికం దేనికి. ఇన్నేళ్లలో ఒక్క మోటారు విప్పలేదు."

తిట్టడానికి వెళ్లిన మనిషి దణ్ణం పెట్టి లేచి వచ్చేశాడు.

ఇంటికొచ్చి నోట్సు అందుకున్నాడు. ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు. అక్షరాల కింద వేలు పెట్టుకుని, "ఊఁ, చెప్పు" అన్నాడు. ఆమె గడగడా చెప్పింది.

"'అందువలన' వదిలేశావు. మళ్లీ."

"అర్థం అదే కదా నాన్నా."

"అర్థంతో నాకేం పని? ఇందులో ఉన్నది చెప్పు."

అన్న తర్వాత ఆ మాట తనకే వినబడి, వేలు అక్కడే ఆగిపోయింది. వల్లెవేత ఎందుకని అడిగింది తనే. కూతురు మాత్రం మొదటి నుంచి అందుకుంది.

పాసయింది. మళ్లీ వచ్చిన అదే ప్రశ్నకు పదికి తొమ్మిది. మోటారు కోసం వచ్చినాయన ఆ సంగతి విని, "ఈ కాలం పిల్లలకి బట్టీ తప్ప బుర్ర వాడడం ఎక్కడిదిలే" అని నవ్వాడు.

మెకానిక్ నవ్వలేదు. "బుర్ర వాడితే దానికి రెండు మార్కులొచ్చాయి బాబూ. తెలిసింది తమ మాటల్లో చెబితే వినే తీరిక ఆ సారుకీ లేదు, కన్నతండ్రినైన నాకూ లేకపోయింది. మనకు ఆ ఓపిక వచ్చిన రోజున పిల్లలు బట్టీ వాళ్లే మానేస్తారు."