హ్యాపీ కోడ్

ఆ మాట వింటేనే నిచ్చెనకి ఒళ్ళు మండేది. పన్నెండేళ్ళుగా ఇంటర్నెట్ కంపెనీలో తీగలు లాగుతున్నాడు. భుజాన నిచ్చెన లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు కాబట్టి అమ్మానాన్నలు పెట్టిన పేరు పోయి ఆ పేరే మిగిలింది. ఎండలో స్తంభమెక్కి, అటకల మీద బూజు మింగి, కనెక్షన్ ఇచ్చో పీకో కిందికి దిగితే పని అయిపోయినట్టు కాదు. కస్టమరు ఫోనుకి నాలుగంకెలు వస్తాయి. వాటి పేరు హ్యాపీ కోడ్. కస్టమరు సంతోషించి ఆ నాలుగంకెలూ చెప్పాలి, వాటిని నిచ్చెన తన ఫోనులో కొట్టాలి. లేదంటే ఆ రోజు ఎక్కిన స్తంభం ఎక్కనట్టే, కారిన చెమట కారనట్టే.

కస్టమర్లా? అడిగిన వెంటనే చెప్పేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది! "మా టీవీ కూడా బాగుచెయ్యి, అప్పుడు చెప్తా" అనేవాడొకడు, ఫోనే ఎత్తనివాడొకడు. అందుకని రోజుకి పదిమందికి ఫోన్ చేసి "సార్, ఆ నాలుగంకెలు చెప్పండి సార్" అని బతిమాలుకోవడం నిచ్చెనకి ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. ఆ అలవాటే కొంప ముంచింది. మునిగింది అతని కొంప కాదు, అదీ అన్యాయం.

ఆ మంగళవారం పొద్దున వెళ్ళింది ఒక టైలర్ షాపు మీది ఇంటికి. రెండే గదులు. ఎక్కడానికి వెనకవైపు ఇనప మెట్లు, ఇరవై రెండు. తలుపు సగమే తీసి, నిచ్చెననీ అతని కంపెనీ చొక్కానీ తేరిపార చూశాక మిగతా సగం తీసింది ఒకావిడ. పట్టపగలు కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. నేలమీద ఏడేళ్ళ కూతురు బొమ్మలు గీసుకుంటోంది. బల్ల మీద కంప్యూటర్, కింద కాలితో నొక్కే పెడలు. కోర్టు విచారణల రికార్డింగులు చెవిలో పెట్టుకుని విని, టైపు చేసి పంపడం ఆవిడ పని. ఇన్నాళ్ళూ ఫోను నెట్‌తో నెట్టుకొచ్చింది, నాలుగు రోజులుగా అదీ అందడం లేదు. ఇంకొక్క రోజు చూస్తాం, ఆ తర్వాత ఆ పని వేరేవాళ్ళకిచ్చేస్తాం అన్నారట.

"కొత్త కనెక్షన్‌కి ఈ ఇంటి అడ్రసున్న కాగితం ఏదైనా కావాలక్కా. అద్దె కాగితమైనా చాలు."

"కాగితాలేం లేవు. ఇదుంది," అంటూ గుడ్డసంచిలోంచి పాత మోడెం తీసింది.

నిచ్చెన మొహం వెలిగింది. "ఇంకేం! దీన్నే ఇక్కడికి మార్చేద్దాం. షిఫ్టింగ్‌కి ఏ కాగితమూ అక్కర్లేదు."

"అది మా ఆయన పేరు మీదుంది."

"ఎవరి పేరు మీదుంటే ఏంటక్కా, తీగకి పేర్లు తెలుసా?"

ఆవిడ వెంటనే సరే అనలేదు. సంచి మడతలు సరిచేసింది. "మేమిక్కడ ఉన్నట్టు దీనివల్ల ఎవరికైనా తెలుస్తుందా?"

నిచ్చెన నవ్వేశాడు. "భలేవారే! ఇదేమన్నా దండోరానా, ఊరంతా చాటడానికి?"

గంటలో నెట్ వచ్చింది. సరిగ్గా నడుస్తోందో లేదో చూడమంటే ఆవిడ కూర్చుని నాలుగు వాక్యాలు టకటకా కొట్టింది. ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ వంగడం లేదు. మిగిలిన ఎనిమిదితోనే ఆ వేగం.

"వేళ్ళకేమైందక్కా?"

"తలుపులో పడ్డాయి," అంది ఆవిడ, తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

కిందికి దిగి బండి దగ్గరికొచ్చాక చూస్తే, కోడ్ ఖాతాదారు నంబరుకి, అంటే ఆవిడ భర్తకి, వెళ్ళిందని ఉంది. మళ్ళీ పైకెళ్ళి ఆవిడనో మాట అడిగి ఉంటే ఈ కథే లేదు. ఇరవై రెండు మెట్లు ఎక్కడానికి ఆ మహానుభావుడికి, రోజుకి ఆరు స్తంభాలెక్కే మనిషికి, బద్ధకమేసింది. బండి మీద కూర్చునే ఫోన్ కలిపాడు.

"సార్, నెట్ కంపెనీ నుంచి. మీ ఇంట్లో కనెక్షన్ పెట్టేశాను. మీకు నాలుగంకెలు వచ్చుంటాయి."

అవతల చాలా మెత్తటి గొంతు. "ఏ ఇంట్లో, తమ్ముడూ?"

"అదే సార్, కొత్తింట్లో. మేడమ్ ఉన్నారుగా."

"ఆఁ, ఆఁ. నేను పక్కూళ్ళో పనిమీదున్నా, ఇంకా ఆ ఇల్లు చూడలేదు. కాస్త అడ్రసు చెప్పు, రాసుకుంటా."

నిచ్చెన చెప్పాడు. అడ్రసు చెప్పడంలో అతన్ని మించినవాడు లేడు. నీళ్ళ ట్యాంకు దాటాక మూడో సందు, టైలర్ షాపు, పైన నీలం తలుపు. "ముందువైపు దారి లేదు సార్, చాలామంది పొరపడతారు. షాపు పక్క సందులోంచి వెనక్కెళ్తే ఇనప మెట్లుంటాయి."

"బంగారంలాంటి మాట చెప్పావు. రేపు పొద్దున్నే బయల్దేరి వస్తా. మా ఆవిడకి మాత్రం చెప్పకు, ఆశ్చర్యపోవాలి."

"నా నోట్లో నువ్వుగింజైనా నానుతుంది సార్, మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాడు నిచ్చెన ముచ్చటపడిపోయి. ఆయన నాలుగంకెలూ చెప్పాడు. పని ముగిసింది.

మర్నాడు పొద్దున ఆఫీసులో రోజూ జరిగే తంతు. అందరూ వరసగా నిలబడతారు, సూపర్‌వైజరు నిన్నటి మెచ్చుకోళ్ళూ తిట్లూ చదువుతాడు. ఆయన తల వెనక గోడ మీద "మీ గోప్యతే మా ప్రాణం" అని పెద్ద బోర్డు.

"మన నిచ్చెనకి ఐదు స్టార్లు! వినండి. 'అబ్బాయి చాలా సహకరించాడు. ఇల్లెక్కడో తెలియక రెండు నెలలుగా అవస్థ పడుతున్నాను. గుర్తులతో సహా ఓపిగ్గా చెప్పాడు.' చూశారా, ఇలా ఉండాలి!"

అందరూ చప్పట్లు కొట్టారు. నిచ్చెన కూడా నవ్వుతూ రెండు చప్పట్లు కొట్టి, మూడోదానికి చేతులు ఆపేశాడు. పెళ్ళాం బిడ్డ ఉన్న ఇల్లెక్కడో రెండు నెలలుగా తెలియనివాడెవడు? కిటికీలకి కట్టిన దుప్పట్లు గుర్తొచ్చాయి. వంగని రెండు వేళ్ళు గుర్తొచ్చాయి. దండోరానా అని తనే నవ్వి, కిందికి దిగి తనే దండోరా వేశాడు.

"సార్, ఆ కనెక్షన్ అడ్రసు తీసేయండి. ఆయన్నెలాగైనా ఆపండి. ఆవిడ ఆయన్నుంచి పారిపోయొచ్చింది!"

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు సూపర్‌వైజరు. "ఖాతాదారు ఆయన. ఆయన కనెక్షన్ ఎక్కడుందో ఆయనకి చెప్పడం మన ధర్మం. రూలు."

"మరి ఆవిడ?"

"ఆవిడెవరు? మన కంప్యూటర్లో ఆవిడ పేరే లేదు. లేని మనిషికి గోప్యతేంటి?"

"పోనీ ఆయన బయల్దేరాడో లేదో ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి."

"కస్టమరు ఎక్కడున్నాడో ఆరా తియ్యడానికి నువ్వెవరు, నేనెవరు? గోప్యత ఉండక్కర్లా?"

నిచ్చెనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరు ఏం చూశారో, ఏ గంటకి చూశారో అంతా ఈ కంపెనీ దగ్గరుంటుంది. ప్రకటనలవాళ్ళడిగితే పళ్ళెంలో పెట్టి ఇస్తుంది. ఒక ఆడమనిషి ప్రాణం మీదికొచ్చేసరికి గోప్యత గుర్తొచ్చింది! "ఆ బోర్డు పీకి పారెయ్యండి సార్," అని అరిచాడు. "కంచే చేను మేస్తుంటే పైన బోర్డొకటి!" సూపర్‌వైజరు ఏదో అంటున్నాడు. వినకుండా నిచ్చెన భుజాన వేసుకుని బయటపడ్డాడు. ఆ కోపంలో సగం కంపెనీ మీద. మిగతా సగం, ఇంకా చేదైన సగం, తన మీదే.

ఇరవై రెండు మెట్లూ మూడేసి చొప్పున ఎక్కాడు. గుమ్మంలో నిలబడి దాచకుండా అంతా చెప్పాడు. ఆవిడ చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుని చివరిదాకా విన్నది.

"ఆయనకి ఫోన్ చేసేముందు నన్నడగొచ్చుగా. పైనేగా ఉన్నాను."

నిచ్చెన భుజమ్మీది నిచ్చెన దించి గోడకి ఆనించాడు.

"రెండు నెలలు," అంది ఆవిడ. "సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు. పిల్లని బడిలో వెయ్యలేదు. సరుకులకి చీకటితోనే వెళ్ళొచ్చాను. అంతా నువ్వొక్క ఫోన్లో చెప్పేశావు. ఎందుకు? నాలుగంకెల కోసం! నిన్న వేళ్ళ సంగతి అడిగావే. తలుపులోనే పడ్డాయి, అబద్ధం కాదు. ఆ తలుపు వేసిందెవరో నువ్వడగలేదు, నేను చెప్పలేదు."

పావుగంటలో సర్దింది. నిచ్చెన కంప్యూటర్ విప్పి దుప్పటిలో చుట్టాడు. కింద టైలర్ పెద్దాయన, సంగతి వినగానే మిషను ఆపి ఆటో పిలుచుకొచ్చాడు. పిల్ల ఏడవలేదు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు వేసుకుని, బొమ్మల పుస్తకం చంకన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. ఆ పని ఆ పిల్లకి కొత్త కాదు.

మోడెం ఒక్కటీ ఆవిడ ముట్టుకోలేదు.

సామాను ఆటోలో పెట్టాక నిచ్చెన నోరు ఊరుకోలేదు. "ఎక్కడికెళ్తారక్కా?"

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఇంకా అడుగుతున్నావా?"

చెంప పగలగొట్టినా అంత మంట పుట్టేది కాదు. నిచ్చెన వెనక్కి తిరిగి, ఆటో చప్పుడు పూర్తిగా పోయేదాకా గోడవైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మెట్లెక్కి, మోడెం ఒళ్ళో పెట్టుకుని పైమెట్టు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం కాకముందే ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బొమ్మ ఉన్న అట్టపెట్టె. ఎవర్నీ అడగలేదు, ముందువైపు తలుపు కోసం వెతకలేదు. షాపు పక్క సందులోంచి నేరుగా వెనక్కొచ్చి మెట్లెక్కాడు. నిచ్చెన చెప్పిన అడ్రసు అంత బాగుంది.

"నువ్వేనా తమ్ముడూ? నీకు ఐదు స్టార్లిచ్చాను," అంటూ అతని తలమీదుగా లోపలికి చూశాడు. ఖాళీ బల్ల. సగం ఊడిన దుప్పటి. మొహం మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళలోంచి పోయింది. "ఎక్కడికెళ్ళింది?"

"తెలీదు."

"నిన్న అంతా తెలుసుగా?"

"నిన్న తెలుసు. ఇవాళ నిజంగానే తెలీదు."

"కస్టమర్ని అడుగుతున్నా!" మెత్తటి గొంతు ఎటు పోయిందో పోయింది. "నీ ఉద్యోగం ఉండదు జాగ్రత్త!"

"అవును సార్, కస్టమరు మీరే." నిచ్చెన లేచి మోడెం ఆయన చేతిలో పెట్టాడు. "తీసుకోండి. ఈ ఇంట్లో మీ పేరు మీదున్నది ఇదొక్కటే."

ఆయన చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. నిచ్చెన ఆ చేతినే చూశాడు, ఆ వేళ్ళనే చూశాడు. ఒళ్ళంతా నిప్పు రాజుకుంది. తన నిచ్చెనని గుమ్మానికి అడ్డంగా పెట్టి, దాని ముందు నిలబడ్డాడు. కింద మెట్ల మొదట్లో టైలర్ పెద్దాయన కత్తెర చేత్తో పట్టుకుని పైకి చూస్తున్నాడు.

"కనెక్షన్ పీకేశాను సార్. మీకు నాలుగంకెలు వచ్చుంటాయి. హ్యాపీ కోడ్." ఫోను తీసి తెర ఆయనవైపు తిప్పాడు. "చెప్పండి సార్. ఇప్పుడు సంతోషంగా ఉన్నారా?"

ఆయన చెప్పలేదు. మోడెం నేలకేసి కొట్టి, తిట్టుకుంటూ దిగిపోయాడు. సాయంత్రానికి నిచ్చెన పేరు మీద ఒక్క స్టారు పడింది.

ఆ కనెక్షన్ పీకిన పని అతని ఫోనులో ఇప్పటికీ ముగియలేదు. ఎర్రగా అలాగే ఉంది. ఆ నంబరుకి ఫోన్ చేసి కోడ్ తీసుకో, లేకపోతే ఊరుకోనని సూపర్‌వైజరు రోజూ పొద్దున్నే అందరి ముందూ అరుస్తాడు. నిచ్చెన తల దించుకోడు, జవాబు చెప్పడు, ఫోనూ చెయ్యడు.