నూనె హీటరు మూలుగు

అమెరికాలోని బాతెల్‌లో లీలావతి గారింటి బేస్‌మెంట్‌లో ఉండి ఇల్లంతటికీ వెచ్చగాలి పంపే నూనె హీటరును పుట్టించిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ కంపెనీ ఉన్న వీధి కూడా ఇప్పుడు లేదనేవాడు ఆవిడ భర్త మల్లికార్జునరావు. ఒకసారి వెళ్ళి అసలా ఊరైనా ఉందో లేదో చూసి రావాలనేవాడు. ఆయన మాటల్లో సగం కోతలే గానీ, విడిభాగాలు దొరకవన్నది మాత్రం నిజం. అందుకే బతికున్నన్నాళ్ళూ, ఎక్కడ పాత ఇల్లు కూలుస్తున్నారంటే అక్కడ కాపు కాసి, హీటర్లలోంచి పంపులూ మోటార్లూ పీక్కొచ్చేవాడు.

"రాబందైనా ప్రాణం పోయేదాకా ఆగుతుందండీ," అనేది లీలావతి.

"రాబందుకి ఈ ఊరి చలి తెలీదే," అనేవాడాయన.

ఆయన పోయి ఏడాదైంది. అలా తెచ్చిన పంపుల్లో చివరిది ఇప్పుడు హీటరుకు బిగించి ఉంది. అది పోతే పెట్టడానికి ఇంకోటి లేదు.

"అది పోయిన రోజున మొత్తం పీకించేద్దాం అత్తయ్యా," అన్నాడు అల్లుడు రఘువీర్. కూతురు గిరిజా అతనూ పక్క వీధిలోనే ఉంటారు. "కొత్తది పెట్టిస్తాను. అసలు ఉన్నట్టే తెలీదు, అంత సైలెంట్‌గా ఉంటుంది."

"సైలెంట్‌ది నాకెందుకు నాయనా? ఈ ఇంట్లో నాతో పాటు చప్పుడు చేసేది అదొక్కటేగా."

నవంబరులో సంవత్సరీకం వచ్చింది. గుడి పంతులుగారు తంతు ముగించి ఇంకో ఇంటికి పరుగెత్తారు. కాకికి ముద్ద పెట్టడం మిగిలింది. అమెరికాలో పిండానికి కాకులేవని బెంగపడేవాళ్ళు ఒక్కసారి బాతెల్ వచ్చి చూడాలి. పొద్దువాలితే చాలు, కాలేజీ పక్కన చిత్తడి నేలలో పడుకోవడానికి నలుమూలల నుంచీ కాకులు వస్తాయి. ఆకాశం కనపడదు. గొడుగు లేకుండా బయటికి వచ్చినవాడు తలస్నానం చెయ్యకుండా ఇంట్లోకి పోడు.

ముద్ద ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. ఫెన్సు చెక్కలన్నీ మొనదేలి ఉన్నాయి, నిలవదు. నేలమీద పెడితే, రాత్రిళ్ళు పెరళ్ళలో తిరిగే పిల్లి లాంటి జంతువులు, రకూన్లు తినేస్తాయి. మల్లికార్జునరావు రకూను రూపంలో వస్తాడని ఏ శాస్త్రంలోనూ లేదు. చివరికి గోడ వారనున్న ఇనప గొట్టం ఆవిడ కంటపడింది. పెరట్లో పాతిపెట్టిన నూనె ట్యాంకుకు గాలి పోయే గొట్టం అది. దాని మూత తుప్పుపట్టి రాలిపోతే, కొత్తది దొరక్క, మల్లికార్జునరావు స్టీలు గ్లాసుకు చిల్లులు పొడిచి బోర్లించాడు. లీలావతి గ్లాసు తీసి, నెయ్యీ నువ్వులూ కలిపిన అన్నం ముద్దను పడిపోకుండా గొట్టం మూతి మీద గట్టిగా అదిమింది.

కాకులు వచ్చాయి, మీదుగా పోయాయి. ఒక్కటీ దిగలేదు.

"నామీద కోపమాండీ?" అని కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి కూర్చుంది. కాసేపటికి కిందనుంచి, నేలలోని వెచ్చగాలి జాలీల గుండా వినపడింది.

"ఊఁ..."

లీలావతి గబుక్కున లేచింది. దీపాలన్నీ వేసింది. మళ్ళీ "ఊఁ..." అని, ఈసారి పడగ్గది జాలీలోంచి.

"మీరేనా?"

"ఊఁ..."

"ఇల్లు అమ్మెయ్యమంటారా?"

"ఊఁ..."

"అమ్మొద్దంటారా?"

"ఊఁ..."

బతికుండగా పేపరు చదువుకుంటూ ఆయన ఇచ్చిన జవాబూ ఇదే. ఇంక ఆవిడకు అనుమానం లేదు.

తెల్లారాక పెరట్లోకి వెళ్ళింది. ముద్దను ఎవరూ తినలేదు. గొట్టమే సగం లోపలికి లాక్కుంది. చలికి బిగుసుకుని సీసాకు బిరడాలా ఉంది. నూనె డబ్బాకు ఒక్క చిల్లు పొడిస్తే నూనె సరిగ్గా రాదనీ, గాలి పోవడానికి రెండో చిల్లు ఉండాలనీ వంటింట్లో పెరిగిన ఏ ఆడదానికి తెలియదు? ట్యాంకుకు రెండో చిల్లును తనే మూసింది. నూనె రాక పంపు గింజుకుంటోంది. ఆ మూలుగు అదే.

లీలావతి అటూ ఇటూ చూసింది. ముద్ద మీద స్టీలు గ్లాసు బోర్లించి, లోపలికొచ్చి కాఫీ కలుపుకుంది.

సాయంత్రం గిరిజ వచ్చి, ఆ శబ్దం విని తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, అచ్చం నాన్న గొంతే!"

"మరి నేనేమంటున్నా?"

రఘువీర్ కిందికి దిగి, పంపు మీద చెయ్యి వేసి చూసి, మెట్లెక్కి వచ్చాడు. "మావయ్యా లేదు, దయ్యమూ లేదు. పంపు పోతోంది అత్తయ్యా. ఇలాగే తిరిగితే కాలిపోతుంది. శుక్రవారం మనిషిని పిలుస్తాను, హీటరు తీసేస్తాడు."

"అప్పటిదాకా ఉంటుందా?" అని మాత్రం అడిగింది లీలావతి. హీటరు గురించి అడుగుతోందనుకున్నాడతను.

ఆ రెండు రోజులూ ఆవిడ శాలువా కప్పుకుని జాలీ పక్కనే కూర్చుంది. వియ్యపురాలి మీద చాడీలు చెప్పింది. పప్పు మాడిన సంగతి చెప్పింది. అన్నిటికీ "ఊఁ" అన్నాడాయన. మంట నిలవక ఇల్లు చల్లబడుతున్నా పట్టించుకోలేదు.

గురువారం పొద్దువాలుతుండగా మూలుగు మారింది. ముక్కలు ముక్కలుగా తెగుతోంది. ఊఁ... ఆగి, లోపలికి లాగినట్టు ఒక చిన్న గురక... మళ్ళీ ఊఁ.

లీలావతి చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఈ చప్పుడు ఆవిడకు తెలుసు. ఆస్పత్రిలో, ముక్కుకు మాస్కు కట్టాక, ఆయన ఇలాగే ఊపిరి లాగాడు. ఇవి పేపరు వెనక ఊఁలు కావు. ఊపిరందని మనిషివి. అప్పుడు ఆవిడ చేతిలో ఏమీ లేక చూస్తూ కూర్చుంది. ఇప్పుడా? గొంతులో బిరడా పెట్టిందే తను. పైగా కబుర్లు చెబుతోంది.

"అయ్యో నా తండ్రీ," అంటూ అట్లకాడ పట్టుకుని, చెప్పులైనా లేకుండా పెరట్లోకి పరుగెత్తింది. గ్లాసు విసిరేసి, అట్లకాడ తిరగేసి గొట్టంలో పొడిచింది. ముద్ద కదల్లేదు. మళ్ళీ పొడిచింది. అప్పుడు చటుక్కున లోపలికి జారింది. దాని వెనకే గాలి పోయింది. "హా..." అంటూ, ఎంతసేపో, రొమ్ము నిండా పీల్చుకున్నట్టు. నమ్మితే నమ్మండి, ఆ కాసేపూ నెత్తిమీద పోతున్న కాకులన్నీ నోళ్ళు మూసుకున్నాయి.

కిందికి దిగి, హీటరును మళ్ళీ వెలిగించే ఎర్ర బొత్తాం నొక్కింది. ధడేలుమని మంట లేచి, నిలిచింది. పంపు మెత్తగా తిరిగింది.

"ఏమండీ," అంది లీలావతి.

పంపు తన మానాన తాను తిరుగుతూనే ఉంది.

చీకటి పడ్డాక రఘువీర్ వచ్చాడు. తలుపు దగ్గరే ఆగి చెవి రిక్కించాడు. "ఇదేంటి, బాగైపోయింది! ఏం చేశారత్తయ్యా?"

"నేనేం చేశాను నాయనా. ఇంకాస్త కూర్చోమనే అందామనుకున్నా. ఊపిరి తీసుకుని వెళ్ళిపోయారు."

రఘువీర్ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగాడు. ఇల్లంతా వెచ్చగా ఉంది. అయినా అతను కోటు విప్పలేదు.