పైకెళ్ళిన మట్టి, తిరిగొచ్చిన టైలు ముక్కలు

"తప్పంతా వాలుదిరా!" అంది నా భార్య. ట్రాక్టరు మోతలో ఆమె తమ్ముడికి 'వాళ్ళది' అని వినబడింది.

"ఎవరక్కా వాళ్ళు? ఇప్పుడే తేలుస్తా!" అంటూ ఇంజను ఆపాడు.

"వాళ్ళు కాదు నాయనా, వాలు. నీ పొలం వాలు."

"అంటే తప్పు నాదేనా?" ముఖం ముడుచుకుని మళ్ళీ ఇంజను స్టార్ట్ చేశాడు.

వాడి పొలం పైన, ఏటవాలుగా ఉంటుంది. దాని కింద చెరువు, చెరువు పక్కనే మా మొక్కల నర్సరీ, బావి. ఏటా వేసవిలో చెరువులో ఒండ్రుమట్టి తవ్వి పైకి తోలుకుంటాడు. "నా చేను బలుస్తుంది, నీ బావి నిండుతుంది, బావా" అంటాడు. పదకొండేళ్ళు తవ్వినా చెరువు లోతు పెరగలేదు. ఈసారి వానలు వెళ్ళిన రెండు నెలలకే బావి అడుగంటింది. బావి ఎండినా బావకి మాటలుంటాయి, మొక్కలకేముంటాయి? మూడు వేల మొక్కలు తలలు వాల్చేశాయి. ఇంకో ఏడాది ఇలాగే అయితే నర్సరీ మూసెయ్యడమే.

ఆ వారమే చెరువు చూడ్డానికి చెరువుల ఆఫీసరు, పొలాల ఆఫీసరు వచ్చారు. ఊరంతా గట్టు మీద చేరింది.

"గట్టు ఎత్తు పెంచుతాం" అన్నాడు చెరువులాయన.

నా భార్య చెరువు అడుగు నుంచి తెచ్చిన బకెట్టు మట్టిని ఆయన కాళ్ళ ముందు గుమ్మరించింది. అందులో నీలం టైలు ముక్కలు మెరిశాయి.

తమ్ముడు ఒకటి చొక్కాకి తుడిచి చూశాడు. "మీ పాత బాత్రూంవి కదక్కా? నా చేలో కాళ్ళకి గుచ్చుకుంటే ఎవడు పారేశాడో అని తిట్టుకున్నా."

"నన్నే తిట్టావులే. పోయిన వేసవిలో నువ్వు తోలుకెళ్ళిన ప్రతి ట్రక్కులో నేనే కలిపాను. వానకి మళ్ళీ చెరువులోకే దిగొచ్చాయి."

వాడు గట్టు మీద కూర్చుని పైన తన చేనుకేసి చూశాడు.

"పొలం మా పరిధి కాదమ్మా" అన్నాడు చెరువులాయన. "చెరువు మాది కాదు" అన్నాడు రెండో ఆయన.

"మీ గీత వానకి కనబడదయ్యా" అంది నా భార్య. "పైన పడుతుంది, కిందికి చేరుతుంది. కొండ నుంచి చెరువు దాకా ఒకే కాగితం మీద రాయండి, ఇద్దరూ సంతకం పెట్టండి."

చెరువులాయన తన కాగితం మీద 'గట్టు' అన్న మాట కొట్టేసి, రెండో ఆయన కూర్చోడానికి పక్కన చోటిచ్చాడు.

తమ్ముడు లేచి పై పొలాల రైతుల వైపు తిరిగాడు. చేతిలో టైలు ముక్క అలాగే ఉంది.

"పదకొండేళ్ళుగా ఒకే మట్టిని పైకి మోస్తున్నానురా. నేను వాలు వెంట నిలువుగా దున్నాను, వాన ఆ చాళ్ళలోంచే మట్టిని దించేసింది. చెరువు పూడ్చింది నేనే, అక్క బావి ఎండబెట్టిందీ నేనే. రేపట్నుంచి అడ్డంగా దున్నుతా. మీరూ రండి."