మార్చి దాకా పొడిగింపు

చలికాలం వస్తే మెర్నా కారు తియ్యదు. ఒకసారి మంచు మీద జారి బండితో సహా గుంటలో పడ్డాక ఆ పని మానేసింది. స్నేహితుడు ఓర్విల్‌ని చూడటానికి బిల్లింగ్స్ నగరం నుంచి అతని ఊరికి వచ్చినప్పుడల్లా తొమ్మిది సీట్ల చిన్న విమానం ఎక్కుతుంది. దాని ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వమే భరిస్తోంది. లేకపోతే మోంటానా తూర్పు కొసన గోధుమ చేల మధ్య ఉన్న హార్లోస్‌ఫోర్డ్‌కి విమానం ఎవరు నడుపుతారు?

ఆ డబ్బు ఇచ్చే చట్టం గడువు ఎప్పుడో తీరిపోయింది. కొత్త చట్టం మీద వాషింగ్టన్‌లో మాట కుదరక, పాతదాన్నే కొన్నాళ్ళు, మరికొన్నాళ్ళు అంటూ పొడిగించుకొస్తున్నారు.

ఓర్విల్ ట్వెయిట్‌కి డెబ్భై దాటాయి. భార్య పోయి చాలాకాలమైంది. ఆ శరదృతువులో పేకాట మధ్యలో ముక్కలు బోర్లా పెట్టి, మనం పెళ్ళి చేసుకుందామా అని మెర్నాని అడిగాడు.

"నువ్వంటే నాకేం అభ్యంతరం లేదు" అంది మెర్నా. "కానీ బయటికి దారి లేని ఊళ్ళో చలికాలమంతా ఇరుక్కుపోను. మా చెల్లెలు బిల్లింగ్స్‌లో ఉంది. ముందు ఆ విమానం సంగతి తేలనీ."

అప్పటిదాకా వార్తల్లో వాతావరణం తప్ప మరేదీ వినని ఓర్విల్, ఆ రోజు నుంచి ఏ సభలో ఏ బిల్లు ఎంతదాకా వచ్చిందో కాఫీ హోటల్లో అందరికీ చెప్పేవాడయ్యాడు. దిగువ సభలో తమ ప్రతినిధి కార్యాలయానికి ఫోన్ చేశాడు కూడా. మీకు ఆ విమానంతో ఏం పని అని అక్కడి ఉద్యోగిని మర్యాదగా అడిగితే, పేకాట దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు. ఆవిడ ఓపిగ్గా విని, "ఇంతకీ ఆవిడ ఒప్పుకుంటారంటారా?" అంది.

"అది మీ సభ చేతిలో ఉందమ్మా" అన్నాడు ఓర్విల్.

నవంబరులో గడువు మళ్ళీ ముంచుకొచ్చింది. శుక్రవారంతో ఆఖరు. దిగువ సభ సరేనన్నా ఎగువ సభ సెనేట్‌లో బిల్లు కదల్లేదు. శనివారం నుంచి విమానాలు ఉండకపోవచ్చని కంపెనీ చెప్పింది. ఓర్విల్ శుక్రవారం పొద్దున్నే మెర్నాకి ఫోన్ చేసి, ఈసారి రావద్దని, వస్తే తిరిగి వెళ్ళడం కష్టమని చెప్పాడు. ఆవిడ "చూస్తాలే" అని పెట్టేసింది.

మనసు ఊరుకోక మధ్యాహ్నం విమానాశ్రయానికి వెళ్ళాడు. అక్కడ టికెట్లిచ్చేదీ, పెట్టెలు మోసేదీ, కాఫీ కాచేదీ లవోన్ ఒక్కతే.

"కూర్చో పెళ్ళికొడుకా, అలా తిరిగితే నేల అరిగిపోతుంది" అంది లవోన్. అంతలో ఫోన్ మోగింది. విని పెట్టేసి, "సెనేట్‌లో అయిపోయిందట. మార్చి దాకా పొడిగించారు" అని చెప్పింది.

ఓర్విల్ టోపీ తీసి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ పెట్టుకున్నాడు.

కాసేపటికి విమానం దిగింది. ముందుగా మెర్నా, చేతిలో బుట్ట, బుట్టలో పిల్లి. వెనకాలే పైలట్ రెండు పెద్ద పెట్టెలు ఈడ్చుకొస్తున్నాడు. ఓర్విల్ గబగబా ఎదురెళ్ళి కబురు చెప్పాడు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఆగిపోతుందనుకుని వచ్చాను" అంది. "ఇదే ఆఖరి విమానమైతే ఎక్కకుండా ఉండగలనా అని రాత్రంతా ఆలోచించాను. ఉండలేననిపించింది. తీరా వస్తే ఇప్పుడిలా అంటావు."

"అయితే ఎప్పట్లాగే ఆదివారం వెళ్ళిపోతావా?" ఓర్విల్ గొంతు తగ్గింది.

"చూసి పోవడానికైతే పిల్లిని తెచ్చుకునేదాన్నా?" అంది మెర్నా. "పెట్టెలందుకో, ఆ అబ్బాయి నడుం పడిపోతుంది."

లవోన్ కౌంటర్ వెనక ముక్కు తుడుచుకుంటూ, పెళ్ళెప్పుడని అడిగింది. వచ్చే శనివారం, లూథరన్ చర్చిలో, పాస్టర్ ఒప్పుకుంటే అని మెర్నాయే జవాబిచ్చింది. అప్పటిదాకా ఓర్విల్‌కీ ఆ సంగతి తెలియదు. పెళ్ళికి చెల్లెలు కూడా ఆ విమానంలోనే వస్తుందట.

ఓర్విల్ పికప్ ట్రక్కులో పిల్లి దారంతా అరుస్తూనే ఉంది. దాని పేరేమిటని ఓర్విల్ అడిగాడు. మెర్నా చెప్పింది. పిల్లికి అదేం పేరని అతనన్నాడు. ఇల్లు చేరేదాకా ఇద్దరూ ఆ విషయం మీదే వాదించుకున్నారు.