కానుపు వంతు

పిల్లల్లేరట, ఈ ఊళ్ళో పిల్లల్లేరట, ఎంత తేలిగ్గా అనేశాడు మేనేజరు, క్యాంటీన్ గోడ మీద ఏ వయసువాళ్ళు ఎందరో బొమ్మ వేసి మరీ చూపించాడు, కింద పిల్లలు, పైన ముసలివాళ్ళు, కింద వెడల్పుగా పైన సన్నగా ఉంటే పడుచు ఊరట, మాది తలకిందులైందట, పనిచేసే చేతులు తగ్గాయి, కూలి పెరిగింది, పెట్టుబడి పడుచువాళ్ళున్న చోటికే పోతుందమ్మా, మనమేం చేస్తాం, అని నవ్వాడు, నిజమే, మేము పడుచువాళ్ళుగా ఉన్నప్పుడు మమ్మల్నీ అలాగే వెతుక్కుంటూ వచ్చింది ఈ చొక్కాల కంపెనీ, దాని వెనకే రోడ్డు వచ్చింది, ఇళ్ళకు స్లాబులు పడ్డాయి, కాదనను, మా అమ్మ ఏడుగుర్ని కని కొత్త చీర ముఖం ఎరగదు, నేను ఒక్క కూతుర్ని కని ఫ్రిజ్ కొన్నాను, ఈ కాలరు మూల తిరగడం లేదేమిటి, సూది మొద్దుబారినట్టుంది, అవతలి హాల్లో అప్పుడే మిషన్లు విప్పుతున్నారు, సాయంత్రంలోగా నా జవాబు చెప్పాలి, కంపెనీ తరలిపోతున్న కొత్త ఊరికి వెళ్ళి అక్కడి పిల్లలకు పని నేర్పి వస్తే ఇక్కడ మిగిలే గోడౌన్లో ఉద్యోగం, లేదంటే ఇంటికే, ఇంకా ఆలోచనేమిటే, కళ్ళు మూసుకుని ఒప్పుకో అన్నాడు మా ఆయన, నడుం పట్టేసి ఇంట్లో కూర్చున్నాడు, అనక ఏం చేస్తాడు.

ఒప్పుకునేదాన్నే, మేనేజరు పక్కకు పిలిచి ఆ మాట అనకపోతే, కుట్టడం ఎవరైనా నేర్పుతారమ్మా, మీ కుట్టు లైన్లో కానుపులకు వంతుల పద్ధతి ఉందే, అది నేర్పు, మీ లైను ఒక్కరోజు ఆగి ఎరగదు, అన్నాడు, అంటే తెలుసన్నమాట, మొదటినుంచీ తెలుసు, మేమేమో అది మా గుట్టు అనుకున్నాం, ఒకేసారి ఇద్దరు కడుపుతో ఉంటే లైను కుంటుతుంది, కుంటితే ఎవరో ఒకరి ఉద్యోగం ఊడుతుంది, అందుకని అన్నం డబ్బాల ముందు కూర్చుని మాలో మేమే అనుకున్నాం, ఏడాదికి ఒక్కరే కనాలి, అదీ వంతు ప్రకారం, నా రెండో వంతు వచ్చిన ఏడాది, బొత్తాలు కుట్టే పిల్ల కాళ్ళావేళ్ళా పడింది, అక్కా, ఇంకా కనలేదని మా అత్త పుట్టింటికి పంపేస్తానంటోంది అని, సరే నువ్వే కనవే అన్నాను, మళ్ళీ నా దాకా వచ్చేసరికి డాక్టరమ్మ నా ముఖం చూడకుండా, ఇంక కష్టం తల్లీ అంది, చెల్లి కావాలని నా కూతురు దిండుకు గౌను తొడిగి జోకొట్టేది, ఆ దిండును చూడలేక దాచేశాను.

పక్క స్టూలు మీద, పని నేర్చుకు రమ్మని ఆ కొత్త ఊరినుంచి పంపిన పిల్ల, చెమట తుడుచుకుని, అక్కా, నాకు ఈమధ్యే పెళ్ళయింది, మీ దగ్గర వంతులుంటాయటగా, నాకెప్పుడొస్తుంది, అంటోంది, బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టు, నాకు ఒళ్ళు మండిపోయింది, పిల్లమీద కాదు, కనొద్దని కంపెనీ ఏనాడూ నోరు తెరిచి అనలేదు, అనే అవసరం మేమే రానివ్వలేదు, ఊరిని మా చేతులతో మేమే ఖాళీ చేసిపెట్టాం, ఇప్పుడు ఖాళీగా ఉందని తప్పుపట్టి పోతున్నారు, వంతూ లేదు గింతూ లేదు, నీకు కనాలనిపించినప్పుడు కను, లైను ఆగితే ఆగనీ అన్నాను, మిషన్ల హోరులో దానికి వినబడిందో లేదో, గోడౌను పోతే పోయింది, మా ఆయన తిడితే తిట్టనీ, నేను వెళ్ళను, ఇన్నేళ్ళూ జీతం లేకుండా నా కడుపుకు నేనే కాపలా కాశాను, ఇంకో ఆడపిల్ల కడుపుకు కాయలేను.