కాటా దిగిన పిల్ల

నా మేనకోడలు శైలజని చేపల కాటా ఎక్కించినవాణ్ణి నేనే. అది మా అక్క దేముడమ్మ చేపలు తూచే కాటా. పొద్దున్న దానిమీద చేపలు, సాయంత్రం పిల్లలు. భావనపాడులో నా దగ్గర వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకునే పదిమందినీ వరసగా నిలబెట్టి, అంకె అందరికీ వినబడేలా చదివేవాణ్ణి. కోచ్ అంటే అదే అనుకున్నాను. నాకు మాత్రం ఎవరు నేర్పారు గనక?

శైలజ అందరికన్నా బలమైంది. పన్నెండేళ్లకే మగాళ్లతో సమానంగా వలతాడు లాగేది. "కింది బరువు విభాగంలో మనకి పోటీ లేదే, కాస్త తగ్గితే మెడల్ మనదే" అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది. తగ్గింది, మెడల్ తెచ్చింది. ఆ తర్వాత తగ్గడం మాత్రం ఆగలేదు. అన్నం కంచం చూస్తే దానికి భయం. తిన్నానని చెప్పేది, తినేది కాదు. ఒకరోజు ఇసకలో కూలబడిపోయింది. మా అక్క దిష్టి తీసింది, నేను తిట్టాను. శ్రీకాకుళంలో డాక్టరమ్మ భారతిగారు మాత్రం ఇది జబ్బనీ, తిడితే పోదనీ, నయమవుతుంది గానీ ఓపిక పట్టాలనీ చెప్పారు.

ఏడాదిన్నర పట్టాం. డాక్టరమ్మ ఒక నోటుబుక్కు ఇచ్చి, నీకేం చేతనవునో రాయి, నెలకో లక్ష్యం రాయి అన్నారట. మొదటి పేజీలో ఇలా ఉంది: "వలతాడు లాగుతాను. ఈత కొడతాను. మావ తిట్టినా అలగను." మూడోది పచ్చి అబద్ధం. అయినా ఆ పేజీ నాకు చూపించిందని పొంగిపోయాను.

రెండువేల పదహారు మే నెల పేజీలో ఒక్కటే రాసుకుంది: "పోటీ రోజు, బరువు తూగే ముందు, కడుపు నిండా తినాలి." మెడల్ ఊసే లేదు. డాక్టరమ్మ సరేనన్నాకే పోటీకి పేరిచ్చాం.

పోటీ రోజు పొద్దున్న రాజాంలో కాలేజీ వరండా మీద కూర్చున్నాం. బరువు చూడడానికి ఇంకా గంట టైముంది. నా కళ్లు పాడు కళ్లు, మనిషిని చూడగానే తూచేస్తాయి. తినకుండా చెమట పట్టిస్తే పిల్ల కింది విభాగంలో పడుతుంది. అక్కడ ఈసారి కూడా గట్టివాళ్లెవరూ రాలేదు.

మా అక్క కట్టిచ్చిన టిఫిన్ డబ్బా కోసం శైలజ నా సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి ఉన్ని స్వెటర్ వచ్చింది.

"ఇదేటి మావా?"

"సలేస్తాదేమోనని."

"మే నెల్లోనా?"

చెమట పట్టించడానికే తెచ్చానని దానికి తెలుసు. అంత చూశాక కూడా తెచ్చానంటే నాకు సిగ్గుండాలి.

శైలజ స్వెటర్ మడతపెట్టి, కింద వేసుకుని, దానిమీద కూర్చుంది. డబ్బా మూత తీసింది. చద్దన్నం, నెత్తళ్ల ఎండుచేపల వేపుడు.

"నాను తింతాను మావా. నువ్వు పక్కన కూకో. సూడకు, ఉత్తినే కూకో."

మొదటి ముద్ద దగ్గర దాని చెయ్యి ఆగిపోయింది. తినవే అనబోయి పళ్లు బిగించాను. నేనూ ఆ డబ్బాలోంచే ఒక ముద్ద తీసుకుని, ఎదురుగా రోడ్డు చూస్తూ తిన్నాను. చాలాసేపటికి పక్కన నెత్తళ్లు కరకరలాడాయి. డబ్బా ఖాళీ అయ్యేదాకా అటు తిరగలేదు.

తూచేచోట శైలజ బల్ల దగ్గరున్నాయనతో, "అంకె పైకి సదవకండి సార్, రాసుకోండి" అంది. ఆయన తలూపి రాసుకున్నాడు. నేను తల వంచుకున్నాను. పిల్ల పై విభాగంలో పడింది.

నాలుగో స్థానం వచ్చింది. ఆఖరి బరువు భుజాల దాకా ఎత్తి, పైకి లేపలేక వదిలేసింది. ఏడుస్తుందేమోనని భయపడుతూ తువ్వాలు పట్టుకెళ్లాను. మొహం తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"ఆకలేస్తన్నాది మావా."

ఆ మాట దాని నోట విని ఏడాదిన్నర పైనే అయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. హోటల్లో కూర్చున్నాక, ఏం తెమ్మంటారని సర్వరు నన్ను అడిగాడు. దాన్ని అడగండి, అన్నాను.