గాట్లున్న అడ్డబీరువా

నిన్నటిదాకా దాన్ని శవపెట్టె అన్న మనిషే ఆవేళ చేతిలో రంగుల పత్రికతో వచ్చి, దాని తలుపుల మీది చెక్కుడు పువ్వులను పసిపిల్ల బుగ్గలు నిమిరినట్టు నిమిరింది.

"క్రెడెంజా అంటారుట దీన్ని," అంది ఆడపడుచు, తమ్ముడికి పత్రికలో బొమ్మ చూపిస్తూ. "చూడరా, అచ్చం మనదే! మా హాల్లో పెట్టి పైన ఒక దీపం, ఒక పూలకుండీ పెట్టానంటే వచ్చినవాళ్లు నోరు వెళ్లబెట్టాలి."

"ఇంత పాతదాన్ని చూసా అత్తా?" అంది టైలరమ్మ కూతురు, సోఫాలోంచి తలెత్తకుండానే.

"పాతది అనకూడదే. వింటేజ్ అనాలి."

"అయితే మా నాన్న కూడా వింటేజే."

టైలరమ్మకు నవ్వు రాలేదు. వీధి వీధంతా ఆమెను పిలిచే పేరు అదే. ఆ పొట్టి అడ్డబీరువా పైచెక్క మీద ఎవరి పిల్లకో గౌను చేతులు కత్తిరిస్తున్న ఆమె కత్తెర ఆపి భర్త ముఖంలోకి చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు కొత్త కాదు. ఎవరికో ఏదో మాటిచ్చేసి, అది పెళ్లానికి ఎలా చెప్పాలో తెలియనప్పుడల్లా ఆయనకు కిటికీలో బోలెడు ప్రపంచం కనిపిస్తుంది.

"అక్క ముచ్చటపడుతోంది," అన్నాడు చివరికి. "తీసుకెళ్లమన్నాను."

"మరి నేను కత్తిరించుకునేది ఎక్కడ?"

"నీకు మడతబల్ల కొనిపెడతానమ్మా," అంది ఆడపడుచు. "పని అయిపోయాక మడిచి మంచం కిందికి తోసేసుకోవచ్చు. ఎంత సుఖం!"

అడ్డబీరువా మామగారి కాలం నాటిది. నడుమెత్తున, మంచమంత పొడవున, గిన్నెలూ పళ్లేలూ దాచుకోవడానికి భోజనాల గది కోసం చేయించిన టేకు సామాను. పంపకాల రోజున ఆడపడుచు అద్దాల బల్ల ఏరుకుని, "ఈ శవపెట్టె నాకెందుకు, మీరే ఏడవండి" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలాకాలం అది షెడ్డులో, రంగు డబ్బాల కింద, పురుగు తొలిచి, సొరుగులు బిగుసుకుపోయి పడి ఉంది. టైలరమ్మే దాన్ని బయటికి లాగించింది. కన్నాల్లో కిరసనాయిలు పోసింది. సొరుగుల అంచులకు కొవ్వొత్తి రుద్దింది. గుడ్డతో తుడిచి తుడిచి, దాని అసలు రంగు ఏమిటో తెలిశాక, దానిమీద ఒక బట్ట పరిచి కత్తెర పట్టుకుంది. అప్పుడు తెలిసింది, నడుం వంచక్కర్లేదని. అంతకుముందు నేలమీద కూర్చుని కత్తిరించి సాయంత్రానికి కొడవలిలా వంగి లేచేది.

దాని ముందంచున చిన్న చాకుతో గాట్లు పెట్టుకుంది. ఇది పరదా మడత, ఇది పిల్లల గౌను, ఇది పెద్దవాళ్ల చొక్కా చెయ్యి. టేపు కోసం దేవులాడే పనిలేదు. బట్టను గాటుకు ఆనించి కత్తెర వెయ్యడమే.

ఆడపడుచు వేలు ఆ గాట్ల మీదే ఆగింది.

"అయ్యో, ఎలుక కొరికినట్టు ఎలా చెక్కేశావమ్మా! ఏం ఫర్వాలేదులే. పాలిష్ మేస్త్రిని తెస్తాను. ఉప్పుకాగితంతో రుద్దించేస్తే ఒక్క మచ్చ ఉండదు."

అంతవరకు టైలరమ్మ, పోయేది ఒట్టి బీరువా అనుకుంది. ఆ మాటతో, పోయేది తను నిలబడిన చోటు అని అర్థమైంది. ఆడపడుచుకు టీ ఇచ్చి పంపించింది.

ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. దాన్ని చేసింది ఇంటాయనే. ఒకసారి ఆయన కిందపడ్డ కలం కోసం అడ్డబీరువాను ఒక మూల కాస్త జరిపాడు. పైన పెళ్లికూతురి గౌను శాటిన్ పరిచి ఉంది. శాటిన్ అసలే జారుడు సరుకు. టైలరమ్మ అప్పుడే కత్తెర దింపింది. గౌను ముందుభాగం వంకరటింకరగా చీలిపోయింది. పెళ్లికూతురు ఇంటికొచ్చి ఏడ్చిన ఏడుపు ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ రోజే ఇంట్లో అందరినీ నిలబెట్టి, "బట్ట పరిచి ఉంటే బీరువా జోలికి ఎవరూ వెళ్లకూడదు, నేనైనా సరే" అని ప్రకటించాడు. రాజ్యాంగం రాసినంత గర్వంగా చుట్టాలందరికీ చెప్పుకున్నాడు కూడా.

ఆడపడుచు బండి తెచ్చిన రోజున అడ్డబీరువా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా శాటిన్ పరిచి, గుండుసూదులు గుచ్చి ఉంది.

"ఏమ్మా, ఇవాళ వస్తానన్నాను కదా?"

"అన్నారు వదినా. బట్ట పరిచాను కదా మరి," అంది టైలరమ్మ, నోట్లో రెండు సూదులు పెట్టుకుని.

ఆడపడుచు తమ్ముడి వైపు చూసింది. చట్టం చేసినవాడు కిటికీ వైపు చూశాడు. బండి ఖాళీగా వెళ్లింది.

రెండోసారి వచ్చేసరికి ఎవరివో హోటలు పరదాలు కొండలా పరిచి ఉన్నాయి. తర్వాతి వారం నాటకం వాళ్ల కోట్లు. వద్దన్న పనులన్నీ టైలరమ్మ పిలిచి మరీ ఒప్పుకుంది. ఒక బట్ట తీసేలోపు ఇంకో బట్ట పరిచేది.

"ముట్టడిలో కోటలా ఉంది మన భోజనాల గది," అంది కూతురు, గోడవార నక్కి అన్నం తింటూ.

"ఎన్నాళ్లు పరుస్తావే?" అన్నాడు భర్త ఒకనాడు. "మాటిచ్చాను. అక్క దగ్గర తలెత్తుకోలేకపోతున్నాను."

"నాతో ఒక్క మాట అని ఉంటే సరిపోయేదిగా?"

"నువ్వు వద్దంటావని తెలుసు."

"తెలిసే అడగలేదన్నమాట," అంది టైలరమ్మ. ఆయన చేయి కడుక్కోవడానికి లేచాడు.

అయితే పని ఎప్పుడూ ఒకేలా రాదు. నాటకం వాళ్లు చెప్పినదానికంటే ముందే వచ్చి కోట్లు పట్టుకుపోయారు. కొత్త బట్ట ఏదీ రాలేదు. అడ్డబీరువా బోసిగా ఉంది. సరిగ్గా అప్పుడే వీధిలో బండి ఆగింది.

కూతురు పరుగున మంచం మీది దుప్పటి లాక్కొచ్చింది. "అమ్మా, తొందరగా! పరిచెయ్!"

టైలరమ్మ దుప్పటి అంచు పట్టుకుంది. ఒక్క విసురుతో పరిచేస్తే ఇవాళ్టికి గండం గడుస్తుంది. రేపు? ఎల్లుండి? తన చోటును తనే బట్ట కింద దాచుకోవడం ఎందుకో ఒక్కసారిగా ఆమెకు చిరాకనిపించింది.

"తీసుకెళ్లి మంచం మీద వెయ్యి," అంది. "దాచడానికి నేనేం దొంగసొత్తు పెట్టుకోలేదు."

ఆడపడుచు లోపలికి వచ్చి, బోసి బీరువాను చూసి వెలిగిపోయింది. వెనకే పాలిష్ మేస్త్రి, ఇద్దరు కూలీలు. మేస్త్రి పైచెక్క మీద అరచెయ్యి ఆనించి, "మంచి టేకమ్మా. రెండు రుద్దులు రుద్దితే గాట్లు పోతాయి," అన్నాడు.

"పట్టండి మరి," అంది ఆడపడుచు.

టైలరమ్మ వచ్చి అడ్డబీరువాకు వీపు ఆనించి నిలబడింది.

"వద్దు."

"అదేమిటి? బట్ట లేదుగా?"

"లేదు. అయినా ఇవ్వను."

కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇది మా నాన్నదమ్మా!"

"నిజమే. మామగారు చేయించింది. పంపకాల రోజున వద్దన్నది మీరే. పురుగు పట్టినప్పుడు శవపెట్టె, పత్రికలో బొమ్మ పడ్డాక క్రెడెంజానా?"

"నా తమ్ముడు నాకు మాటిచ్చాడు!"

"ఇచ్చారు. ఆయన ఇచ్చింది మాట. మాట పట్టుకెళ్లండి వదినా, నాకేం అభ్యంతరం లేదు. బీరువా మాత్రం ఇక్కడే ఉంటుంది."

"చూశావురా దీని నోరు? మాట్లాడవేం?"

ఆయన అలవాటు కొద్దీ కిటికీ వైపు తిరిగాడు. కూతురు అప్పటికే వెళ్లి కిటికీ తలుపులు మూసి, దానికి చేరగిలబడి నిలబడింది. ఆయనకు ఇంక చూడ్డానికి గదిలో మనుషులే మిగిలారు.

"అది... అక్కా... నేను దాన్ని అడక్కుండా చెప్పాను," అన్నాడు. "అది ఇస్తానంటేనే నీది."

"ఇవ్వనంటోందిగా!"

"అయితే... ఇవ్వదు."

ఆడపడుచు ముఖం కందగడ్డయింది. "ఈ గడప తొక్కితే నన్నడుగు!"

"తొక్కక తప్పదు వదినా," అంది టైలరమ్మ, కింది సొరుగు లాగుతూ. కొవ్వొత్తి రుద్దిన సొరుగు చప్పుడు లేకుండా జారి వచ్చింది. అందులోంచి నీలంరంగు ఉన్ని బట్ట తీసి పైచెక్క మీద పరిచింది. "మీ కోటు బట్ట. పోయిన నెల మీరే ఇచ్చారు. కొలతకు రావాలిగా?"

ఆడపడుచు గడపదాకా వెళ్లి ఆగింది. బట్ట ఖరీదైనది మరి.

మీరు కాస్త ఇటు రండి అని ఆమెను దగ్గరికి పిలిచి, భుజం నుంచి మోకాలిదాకా టేపు పెట్టి కొలిచింది టైలరమ్మ. ఆ పొడవుకు అంచున గాటు లేదు. బట్ట అంచు పక్కకు మడిచి, చిన్న చాకు తీసి, మేస్త్రి చూస్తుండగానే కొత్త గాటు ఒకటి, మిగతావాటికంటే కాస్త లోతుగానే, పెట్టింది.

"అయ్యో, వింటేజ్!" అంది ఆడపడుచు.

"కదలకండి వదినా," అంది టైలరమ్మ. "బట్ట పరిచాను."